గోడపత్రికలో రామన్ పేరు ఐదుసార్లు

ఏటా ఫిబ్రవరి 28కి మా కళాశాల వరండాలో రసాయనశాస్త్ర విభాగం ఒక గోడపత్రిక పెడుతుంది. 1928లో అదే తేదీన సి.వి. రామన్ తన పేరుతో నిలిచిపోయిన కాంతి ఫలితాన్ని కనుగొన్నారు కనుక అది జాతీయ విజ్ఞాన దినం. పదకొండేళ్లుగా ఆ పత్రికలో కింద కుడిమూల నాది. అక్కడ జీవరసాయనశాస్త్రజ్ఞురాలు కమలా సోహోనీ గురించి పన్నెండు వాక్యాలు ఉంటాయి. మొదటి ఏడాది రాసినదాన్నే ప్రతిసారీ కొత్త అట్ట మీదికి ఎక్కించేదాన్ని. క్రితంసారి వాన జల్లుకి పాత అట్ట నానిపోయింది. అక్షరాలు కూడబలుక్కుంటూ తిరగరాయవలసివచ్చి, ఇన్నేళ్లలో మొదటిసారి నా రాతను నేనే చదివాను.

పన్నెండు వాక్యాల్లో రామన్ పేరు ఐదుసార్లు వచ్చింది. పప్పు అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు.

పప్పు రాకపోతే ఏమైంది అంటారా? అక్కడికే వస్తున్నాను. ముందు అందరికీ తెలిసిన కథ త్వరగా చెప్పేస్తాను. కమలా భాగవత్ (సోహోనీ పెళ్లి తరువాతి ఇంటిపేరు) ఇండోర్‌లో పుట్టారు. తండ్రి నారాయణరావు, పినతండ్రి మాధవరావు ఇద్దరూ బెంగళూరు టాటా ఇన్‌స్టిట్యూట్‌లో, అంటే నేటి భారతీయ విజ్ఞాన సంస్థలో, చదివిన రసాయనశాస్త్రజ్ఞులు. మరాఠీ రచయిత్రి, జానపద పరిశోధకురాలు దుర్గా భాగవత్ ఆమెకు తోబుట్టువు. 1933లో బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి రసాయనశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, తండ్రి చదివిన చోటే పరిశోధన చేయాలని కమల దరఖాస్తు పెట్టారు. అప్పుడు సంస్థ డైరెక్టరు రామన్. ఆడపిల్లలను చేర్చుకోబోమన్నారు. కారణం చెప్పమని ఆమె నేరుగా వెళ్లి అడిగారు, సత్యాగ్రహానికి సిద్ధపడ్డారు. చివరికి ఆయన షరతులు పెట్టి చేర్చుకున్నారు. మొదటి ఏడాది ఆమె రెగ్యులర్ విద్యార్థిని కాదు. మార్గదర్శి ఎప్పుడు రమ్మంటే అప్పుడు, రాత్రయినా సరే, పనిచేయాలి. తోటి మగ విద్యార్థుల దృష్టి చెదరగొట్టకూడదు. ఏడాది గడిచాక ఆయన ఒప్పుకున్నారు. తరువాత మరికొందరు ఆడపిల్లలకూ ప్రవేశం దొరికింది.

నా పన్నెండు వాక్యాల్లో తొమ్మిది ఇవే. ఈ కథలో క్రియలన్నీ ఎవరివో చూడండి. నిరాకరించింది రామన్, షరతులు పెట్టింది రామన్, మనసు మార్చుకున్నది రామన్, తలుపు తెరిచిందీ రామనే. కమల భాగాన పడిన పనులు అడగడం, ఓర్చుకోవడం, నిరూపించుకోవడం. ఆమెను గౌరవించాలని రాసిన వ్యాసంలో రామన్ కర్త, కమల కర్మ. ఆ రెండో మాటను వ్యాకరణార్థంలో తీసుకున్నా, లోకం వాడే అర్థంలో తీసుకున్నా సరిపోతుంది.

ఆ అవమానాన్ని దాచిపెట్టమని అనడం లేదు. దశాబ్దాల తరువాత ఒక సభలో ఆమే చెప్పారు, రామన్ గొప్ప శాస్త్రవేత్త అయినా సంకుచిత మనస్కుడని, ఆడదాన్నన్న కారణంగా తనతో నడుచుకున్న తీరును ఎన్నటికీ మరువలేనని. మరువలేనని ఆమె అన్నదాన్ని మనమెలా మరుస్తాం? పైగా అది ఒక మనిషి దురుసుతనంతో ముగిసిన సంగతీ కాదు. 1940లో రామన్ ప్రయోగశాలలోనే చేరిన అన్నా మణి, వజ్రాల మీదా కెంపుల మీదా ఏళ్ల తరబడి పనిచేసి, సొంతంగా ఐదు పత్రాలు ప్రచురించి, 1945లో పరిశోధన గ్రంథం సమర్పిస్తే, ఎమ్మెస్సీ లేదన్న వంకతో మద్రాసు విశ్వవిద్యాలయం డాక్టరేటు ఇవ్వలేదు. ఈ కథలో ఇంగ్లండును స్వర్గంలా చూపించే అలవాటు కూడా మనకుంది. కేంబ్రిడ్జి 1948 వరకు స్త్రీలకు పట్టా తాలూకు పేరు ఇచ్చేదే గాని విశ్వవిద్యాలయంలో పూర్తి సభ్యత్వం ఇచ్చేది కాదు. కమల అక్కడ డాక్టరేటు అందుకున్నది 1939లో. తలుపులు అక్కడా ఉన్నాయి, గడియ మాత్రం కొంచెం మర్యాదగా వేసేవారు.

నా తగాదా ఆ తలుపు కథ పొడవుతోనే. ఆమె శాస్త్ర జీవితం దాదాపు నలభై ఏళ్లది. అందులో ఆ షరతుల ప్రకరణం ఒక్క ఏడాది. ఆ ఏడాదిని పదిమందికి చెప్పి, మిగతాదాన్ని "తరువాత పోషకాహార రంగంలో విశేష కృషి చేశారు" అన్న ముక్కతో సరిపెట్టడం నేను పదకొండేళ్లు చేసిన పని. "విశేష కృషి" అనేది సన్మానపత్రాల మాట. ఏమి చేశారో రాసేవాడికి తెలియనప్పుడే అది బాగా పనికొస్తుంది.

మరి ఏమి చేశారు?

బెంగళూరులో ఎం. శ్రీనివాసయ్య దగ్గర ఆమె ఎంచుకున్నది పాలు, పప్పులు, కాయధాన్యాల్లోని మాంసకృత్తులు. (ప్రొటీనుకు మనం పెట్టుకున్న ఈ పేరు నాకెప్పుడూ వింతే. మాంసం ముట్టనివాడు కూడా పప్పన్నంలో మాంసకృత్తులు తినవలసిందే.) మాంసం అరుదుగా తినే, అసలు తినని కోట్ల మందికి కండ పెట్టేది పప్పు. ఆ పప్పులో ఏ రకం మాంసకృత్తులు, ఎంతెంత ఉన్నాయి, వాటిలో ఒంటికి పట్టేది ఎంత అన్నది 1930లలో రసాయనశాస్త్రజ్ఞులు కూర్చుని తేల్చవలసిన ప్రశ్న. 1936లో ఎమ్మెస్సీ ముగించి, మరుసటి ఏడాది ఆమె కేంబ్రిడ్జి వెళ్లారు. విటమిన్ల మీద కృషికి 1929లో నోబెల్ పొందిన ఫ్రెడరిక్ హాప్కిన్స్ ప్రయోగశాల అది. మొదట డెరెక్ రిక్టర్ దగ్గర, ఆయన వేరే చోటికి వెళ్లాక రాబిన్ హిల్ దగ్గర మొక్కల కణజాలం మీద పనిచేశారు. బంగాళాదుంప మీద పరిశోధిస్తూ, మొక్క కణాల్లో కూడా సైటోక్రోమ్ సి ఉందని చూపారు. ఇనుము ఇముడ్చుకున్న ఈ చిన్న ప్రొటీను, కణం ఊపిరి తీసుకునే గొలుసులో ఎలక్ట్రానును ఒక చేతినుంచి మరో చేతికి అందించే లంకె. జంతువులకూ మొక్కలకూ శ్వాస యంత్రాంగం లోలోపల ఒకటేనన్న మాటకు అది బలమైన సాక్ష్యం. పరిశోధన గ్రంథం నలభై పేజీలు. నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు నివేదికే అంతకంటే లావు. అందులో సగం కృతజ్ఞతలూ అనుబంధాలూ.

ఇక్కడ మరో అలవాటును కూడా తప్పుపట్టాలి. విజ్ఞానశాస్త్రంలో డాక్టరేటు పొందిన తొలి భారతీయ మహిళ అని ఆమె పేరు ముందు బిరుదులా తగిలిస్తాం. నేనూ రాశాను. వృక్షశాస్త్రజ్ఞురాలు జానకి అమ్మాళ్ 1931లోనే అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి డి.ఎస్సీ. పొందారు. ఇక భారతీయ విశ్వవిద్యాలయం నుంచి పొందినవారిలో తొలి పేరుగా కలకత్తా రసాయనశాస్త్రజ్ఞురాలు అసీమా ఛటర్జీని చెబుతారు. ఏ పట్టా, ఏ దేశం, ఏ శాఖ అని గీతలు గీసుకుంటూ పోతే ప్రతి ఒక్కరినీ ఏదో ఒకదానిలో తొలి మహిళను చేయవచ్చు. ఆ పందెంలో ఎవరు ఎంత ముందు వచ్చారో తెలుస్తుంది, వచ్చి ఏమి చేశారో తెలియదు.

1939లో తిరిగివచ్చి ఢిల్లీలో లేడీ హార్డింజ్ వైద్య కళాశాల జీవరసాయన విభాగానికి అధిపతి అయ్యారు. అక్కడ ఎక్కువ కాలం లేరు. తరువాతి మజిలీ నీలగిరుల్లోని కూనూరు. ఆ ఊరి సంగతి తెలుగువాళ్లం ప్రత్యేకించి తెలుసుకోవాలి.

1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే సైనిక వైద్యుడు అక్కడి పాశ్చర్ సంస్థలో బెరిబెరి అనే బి-1 విటమిను లోపవ్యాధి మీద విచారణ మొదలుపెట్టాడు. అదే పెరిగి పోషకాహార పరిశోధనశాల అయింది. దేశంలోని ఒక్కో ప్రాంతపు భోజనాన్ని ఎలుకలకు పెట్టి ఆయన చేసిన ప్రయోగాలు ప్రసిద్ధం. పాలు, వెన్న, గోధుమ రొట్టె, పప్పు, కూరలతో కూడిన సిక్కుల భోజనం తిన్న ఎలుకలు దిట్టంగా పెరిగాయి. మద్రాసు వరి భోజనం తిన్నవి చిక్కిపోయాయి. మద్రాసు అంటే అప్పుడు మన కోస్తా, రాయలసీమ కూడా అందులోనివే. అంతేకాదు, దేశంలో బెరిబెరి పట్టిపీడించినది ముఖ్యంగా ఉత్తర సర్కారుల జిల్లాలనే. అన్నపూర్ణ అని మురిసిపోయే నేలలో అన్నం తింటూనే నరాలు చచ్చుబడిపోయేవి, పాలు తాగే పసిబిడ్డలు గుండె ఆగి చనిపోయేవారు. అదే మద్రాసు ప్రెసిడెన్సీలోని తమిళ జిల్లాల్లోనూ వరే ప్రధానాహారం, కాని ఆ బాధ అంతగా లేదు. తేడా ఉప్పుడు బియ్యంలో ఉంది. వడ్లను నానబెట్టి ఉడికించి ఎండబెడితే పైపొరల్లోని బి-1 విటమిను గింజ లోపలికి ఇంకుతుంది. ఆ తరువాత మరపట్టినా పూర్తిగా పోదు. మనవాళ్లు పచ్చి వడ్లను మరకు వేసి, తెల్లటి బియ్యం తమకు ఉంచుకుని, విటమిను ఉన్న తవుడును గేదెకు పెట్టారు. 1935 నుంచి పదేళ్లు ఆ పరిశోధనశాలను నడిపిన డబ్ల్యు.ఆర్. అయిక్రాయిడ్ బృందం ఈ లెక్కలన్నీ తేల్చింది. ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాదు తార్నాకకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది.

కమల అక్కడ సహాయ డైరెక్టరుగా విటమిన్ల మీద పనిచేశారు. 1947లో ఎం.వి. సోహోనీని పెళ్లి చేసుకుని బొంబాయికి మారారు. ఆయన బీమా గణకుడు. జీవిత చరిత్రల్లో ఈ మార్పు ఒక్క వాక్యంలో దాటిపోతుంది. దేశంలోకెల్లా ముఖ్యమైన పోషకాహార పరిశోధనశాలలో పెద్ద పదవి అక్కడితో ముగిసింది. భర్త ఉన్న ఊరికి భార్య మారడం మనకు వార్త కాదు కనుక ఎవరూ ఆగి చూడరు. ఆమె అదృష్టమో, మన అదృష్టమో, బొంబాయి రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో జీవరసాయన విభాగం ఉంది. అక్కడ చేరారు. అసలు పని అక్కడే జరిగింది.

ఇప్పుడు పప్పు దగ్గరికి వద్దాం. మనం తిన్న మాంసకృత్తులను ముక్కలు చేయడానికి క్లోమగ్రంథి నుంచి చిన్నపేగులోకి ట్రిప్సిన్ అనే ఎంజైము వస్తుంది. కాయధాన్యాలు చాలావాటిలో ఆ ట్రిప్సిన్‌ను పట్టి కట్టేసే మరో ప్రొటీను ఉంటుంది. తాళంలో ఇరుక్కుని బయటికి రాని తాళంచెవిలా అది ఎంజైము పని జరిగే చోటునే మూసేస్తుంది. పురుగుల నుంచి తన గింజను కాపాడుకోవడానికి మొక్క చేసుకున్న ఏర్పాటు అని శాస్త్రజ్ఞుల మాట. దాంతో గింజలో మాంసకృత్తులు ఎన్ని ఉన్నా, పచ్చిగా తింటే ఒంటికి పట్టేవి తక్కువ. పచ్చి సోయా తిన్న ఎలుకలు సరిగా పెరగవనీ, ఉడికించి పెడితే పెరుగుతాయనీ 1917లోనే అమెరికాలో ఆస్బర్న్, మెండెల్ చూశారు. 1940ల నడుమ రాక్‌ఫెల్లర్ సంస్థలో కూనిట్జ్ సోయాలోని ఆ నిరోధకాన్ని స్ఫటికాలుగా వేరుచేశాడు. కాని మన పొలాల్లో అప్పుడు సోయా ఎక్కడుంది? మనవి అనుములు, చిక్కుళ్లు, డబుల్ బీన్స్. 1950ల నుంచి సోహోనీ, ఆమె విద్యార్థులు ఈ గింజల్లోనే ట్రిప్సిన్ నిరోధకాలను వెతికి, శుద్ధిచేసి, గుణాలు కొలిచారు.

"ఇందులో ఏముంది, మా అమ్మమ్మకి తెలుసు, అనుములు నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసేది" అని మీలో ఒకరైనా అనుకుని ఉంటారు. ఫోన్లలో తిరిగే సందేశాలు కూడా అదే పాట పాడతాయి, పూర్వీకులకు అన్నీ తెలుసని. అమ్మమ్మకు ఏమి చేయాలో తెలుసు. ఎందుకో తెలియదు. ఆ రెంటి మధ్య తేడా ఆమె వంటింట్లో ఉన్నంతవరకు కనిపించదు, వంట ఆమె చేయి దాటాక కనిపిస్తుంది. నానబెట్టడం ఒక్కటే ఈ నిరోధకాన్ని పెద్దగా తగ్గించదు. మొలకెత్తిస్తే కొంత తగ్గుతుంది. బాగా అణిచేది తడి వేడి, అంటే నీళ్లలో ఉడికించడం. పొడిగా వేయించడం అంత పనిచేయదు. ఇది తెలియకపోతే, పసిపిల్లల కోసం కాయధాన్యాల పిండి తయారుచేసే కర్మాగారం గింజలను ఏదో కాస్త వెచ్చచేసి మరకు వేసి డబ్బాలో నింపుతుంది. డబ్బా మీద మాంసకృత్తుల శాతం ఘనంగా ఉంటుంది, బిడ్డ ఒళ్లు చేయదు. ఎందుకో తెలిసినవాళ్లు ఉంటేనే ఆ పిండికి ఎంత వేడి, ఎంతసేపు అన్నది లెక్కగా నిర్ణయించవచ్చు.

నీరా సంగతి కూడా ఇలాంటిదే. తాటి, ఈత చెట్ల నుంచి తెల్లవారకముందే దించిన, పులియని రసం అది. కుండకు సున్నం పూసి పులియకుండా ఆపుతారు. ఎండెక్కితే కల్లవుతుంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో కొన్ని రాష్ట్రాలు మద్యనిషేధం పెట్టాయి. అక్కడ కల్లు ఆగితే గీతపనివారి బతుకు ఏమిటన్న ప్రశ్న వచ్చింది. తాటి బెల్లం, నీరా దానికి ఒక జవాబని గాంధేయుల వాదన. రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ సూచన మీద సోహోనీ నీరాను పరీక్షకు పెట్టారు. అందులో విటమిన్ సి, ఇనుము వంటివి చెప్పుకోదగినంత ఉన్నాయని, పోషకాహార లోపం ఉన్న గిరిజన పిల్లలకూ గర్భిణులకూ ఇస్తే ఆరోగ్యం మెరుగుపడిందని చూపారు. దీనికి రాష్ట్రపతి పురస్కారం వచ్చింది. నేను దీన్ని కొంచెం ఆచితూచి చెబుతాను. నీరాలో పదో వంతుకు అటూ ఇటూగా చక్కెరే ఉంటుంది. ఎండిన కడుపుకు మేలు చేసినది నిండిన కడుపుకూ అంతే మేలు చేయాలని లేదు. దుకాణాల్లో సీసాల మీద రాసుకునే "సర్వరోగ నివారిణి" మాటలకు ఆమె పూచీ కాదు. ఎవరి ఆహారం, ఎవరి లోపం, ఎంత మోతాదు అని కొలిచి చెప్పడమే ఆమె చేసినది.

ఇదంతా నా పత్రికలోకి ఎందుకు రాలేదు? నాకు తెలియక అన్నది సగం నిజం. మిగతా సగం ఒప్పుకోవడానికి కొంచెం సిగ్గు. నేను ఎమ్మెస్సీలో ఆహార రసాయనశాస్త్రం తీసుకుంటానన్నప్పుడు మా పెదనాన్న నవ్వి, "వంట నేర్చుకోవడానికి ఎమ్మెస్సీ ఎందుకమ్మా, మీ పెద్దమ్మని అడిగితే సరిపోతుంది కదా" అన్నారు. ఆయనది ముద్దు మాటే. కాని మా విభాగంలో కూడా, కాస్త గంభీరమైన ముఖాలతో, దాదాపు అదే అన్నారు. చివరికి నేను వేరే అంశం తీసుకున్నాను. తిండికి సంబంధించిన శాస్త్రం అనగానే అది హోం సైన్సు గదిలోకి వెళ్లిపోతుంది, ఆ గది మెట్ల కింద ఉంటుంది. ఎంజైము నిరోధకాన్ని సోయా నుంచి తీస్తే రసాయనశాస్త్రం, అనుముల నుంచి తీస్తే వంటింటి విజ్ఞానం. చేసినది మగవాడైతే ఆవిష్కరణ, ఆడదైతే "సమాజసేవ". ఈ తక్కువచూపు నాలోనూ ఉంది కాబట్టే, ఆమె గొప్పతనం నిరూపించడానికి నాకు రామన్ అవసరమయ్యారు. పెద్దమనిషిని ఎదిరించిందంటే గొప్పది. చిక్కుడుగింజను కొలిచిందంటే, దానికేముంది.

న్యాయంగా చెప్పాలంటే ఆమె పనిలో లోకాన్ని తలకిందులు చేసిన ఒక్క మహావిష్కరణ లేదు. సైటోక్రోమ్ ఫలితం దానికి దగ్గరగా వస్తుంది, తక్కినదంతా గింజ తరువాత గింజ, రసం తరువాత రసం. నిదానమైన పని. దేశం ఏమి తింటోందో, తిన్నదానిలో ఎంత ఒంటపడుతోందో తేల్చే పని ఎక్కడైనా ఇలాగే సాగుతుంది. ముంబయిలో ఆరే పాల పథకానికి సలహాదారుగా ఉన్నారు. తాను పనిచేస్తున్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరు కావలసిన మనిషికి లోపలి రాజకీయాల వల్ల ఆ పదవి నాలుగేళ్లు ఆలస్యమైంది. రామన్ ఏడాది ఆపితే కథ అయింది. ఈ నాలుగేళ్లు ఎవరి నోటా కథ కాలేదు, ఎందుకంటే ఆపినవారిలో నోబెల్ గ్రహీత ఎవరూ లేరు.

పదవీ విరమణ తరువాత ఆమె ఇంట్లో కూర్చోలేదు. 1966లో బొంబాయిలో కొందరు మహిళలు కలిసి పెట్టిన వినియోగదారుల సంఘంలో చేరారు. 1982-83లో దానికి అధ్యక్షురాలిగా ఉన్నారు. ఆ సంఘం పత్రిక "కీమత్"లో ఆహారం గురించి, కల్తీ గురించి సామాన్యులకు అర్థమయ్యేలా రాశారు. కేంబ్రిడ్జిలో కణపు శ్వాసను చదివిన మనిషి, కారం పొడిలో రంగు కలిసిందా అని ఇల్లాళ్లకు చెప్పే పనికి దిగడాన్ని కొందరు దిగజారుడుగా చూడవచ్చు. నాకు అది బెంగళూరులో పాలు, పప్పులతో మొదలైన ప్రశ్నే కనిపిస్తుంది, గిన్నెలో ఉన్నది నిజంగా ఏమిటని. 1998లో ఢిల్లీలో భారత వైద్య పరిశోధన మండలి సన్మానిస్తున్న సభలోనే ఆమె కుప్పకూలారు. కొద్ది రోజులకే కన్నుమూశారు.

కొత్త అట్ట మీద ఇలా మొదలుపెట్టాను: "అనుములను ఎందుకు ఉడికించి తినాలి?" దాని కింద ట్రిప్సిన్ బొమ్మ, నిరోధకం బొమ్మ, తాళం, తాళంచెవి. ఆ తరువాత బంగాళాదుంప, నీరా కుండ, బొంబాయి. పన్నెండు వాక్యాలు అయిపోయేసరికి 1933 నాటి సంగతికి ఒక్క వాక్యం చోటే మిగిలింది. అందులో షరతులు మూడూ ఇరికించాను, పెట్టినవారి పేరు పట్టలేదు. ఎవరికైనా తెలుసుకోవాలనిపిస్తే, అదే పత్రికలో పైన, పెద్దక్షరాలతో, దండ వేసిన ఫొటో ఉంది.